కొత్తగా తెచ్చిన పామును ఎన్నాళ్లకు చేతిలోకి తీసుకోవచ్చు?

పెంపుడు పామును కొన్నవాళ్లు ఇంటికి చేరీ చేరకముందే అడిగే ప్రశ్న ఒకటే: దీన్ని ఎప్పటినుంచి చేతిలోకి తీసుకోవచ్చు? నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. అమ్మినవాడు "ఇవాళే పట్టుకోండి, ఏం కాదు" అంటాడు. అప్పటికే పెంచుతున్న స్నేహితుడు వారం ఆగమంటాడు. ఇంకొకరు మూడుసార్లు తిండి తినేదాకా ముట్టుకోవద్దంటారు. నెల ఆగమనేవాళ్లూ ఉన్నారు.

అమ్మినవాడి మాట పక్కన పెడితే, మిగతా ముగ్గురూ తప్పు చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో సంగతిని లెక్కపెడుతున్నారు. వారం గడువు ప్రయాణపు బడలిక తీరడానికి. మూడు తిళ్ల గడువు పాము కొత్త చోటును ఒప్పుకుందో లేదో తెలుసుకోవడానికి. నెల అంటే ఈ రెండూ కలిపి, మధ్యలో ఏదైనా ఆటంకం వచ్చినా సరిపోయేలా వేసుకున్న ఉజ్జాయింపు. అయితే ఈ సలహాల్లో చాలా భాగం చలిదేశాల్లో, గదికి వేడి ఎలా తెచ్చుకోవాలా అని చూసేవాళ్ల దగ్గర పుట్టినవి. నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్నవాళ్లకు సమస్య దానికి తలకిందులు. మే నెలలో మన గదిలోంచి వేడిని బయటికి పంపడమే కష్టం. అందుకే ఇక్కడ రోజులు లెక్కపెట్టే ముందు థర్మామీటర్ చూడాలి. ఉష్ణోగ్రత నిలకడగా ఉందా, ఆ నిలకడలో పాము తింటోందా, తిన్నది అరిగిందా అన్నవే అసలు కొలతలు. రోజులు కనీసపు గడువు మాత్రమే.

ముందు ఏ పామో తేల్చుకోవాలి

ఇక్కడ మాట్లాడుతున్నది బాల్ పైథాన్, కార్న్ స్నేక్ లాంటి విషం లేని విదేశీ పాముల గురించి. మన పొలాల్లో, అడవుల్లో తిరిగే పాములకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని పట్టి పెంచుకోవడం, అమ్మడం నేరం. జెర్రిపోతుకు విషం లేదు కదా, కొండచిలువ పిల్ల బుద్ధిగా ఉంది కదా అంటే కుదరదు. బర్మీస్ పైథాన్ అని చెప్పి అమ్మజూపేది కూడా మన ఈశాన్య రాష్ట్రాల్లో సహజంగా ఉండే పామే. ఇక రెండు తలల పాముకు లక్షలు వస్తాయని బేరాలు తెచ్చేవాళ్లను గడప ఎక్కనివ్వకండి. ఆ బేరంలో పాము ఉంటే కేసు, లేకపోతే మోసం.

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో రెండో అనుబంధంలో ఉంది. చట్టాన్ని 2022లో సవరించాక, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి జీవి మన చేతికి వచ్చిన 30 రోజుల్లోగా కేంద్రప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలకు చెందిన కార్న్ స్నేక్ సైటిస్ జాబితాలో లేదు. అయినా కొన్న రసీదు దాచిపెట్టుకోవడం మంచిది. పాము వచ్చిన మొదటి రోజుల్లో చేతులు ఊరుకోకపోతే చేయాల్సిన పని ఈ కాగితాలు చూసుకోవడమే. దీనికి దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

కదలకుండా ఉంటే శాంతంగా ఉన్నట్టు కాదు

చెన్నై నుంచి నెల్లూరుకు సుమారు 175 కిలోమీటర్లు, ఒంగోలుకైతే మూడు వందలకు దగ్గర. ఈ దారంతా పాము ఒక చిన్న డబ్బాలోనో గుడ్డసంచిలోనో ఉంటుంది. దానికి బయటికి కనిపించే చెవులు లేవు కానీ లోపలి చెవి ఉంది. అది దవడ ఎముకలతో కలిసి ఉంటుంది కాబట్టి నేల అదురు నేరుగా అందుతుంది. హైవే మీద కారు అదురు గంటల తరబడి దాని ఒళ్లంతా పాకుతూనే ఉంటుంది. తీరా దిగాక, నాలుక చాపి వాసన పట్టి చూస్తే తనకు తెలిసిన వాసన ఒక్కటీ ఉండదు. నాలుక మోసుకొచ్చిన వాసన రేణువులను అంగిట్లోని జాకబ్సన్ అవయవం పసిగడుతుంది. పాముకు చోటు తెలిసేది చాలావరకు దానివల్లే. బాల్ పైథాన్‌కు అదనంగా పై పెదవి వెంట వేడిని గుర్తించే గుంటలు ఉంటాయి. మన చెయ్యి దానికి పైనుంచి దిగే పెద్ద వెచ్చటి ఆకారంలా కనిపిస్తుంది. కార్న్ స్నేక్‌కు ఆ గుంటలు లేవు.

ఇలాంటి ఒత్తిడిలో పాము ఒంట్లో కార్టికోస్టెరోన్ అనే హార్మోన్ పెరుగుతుంది. ఆ స్థితిలో ఒళ్లు ప్రాణం కాపాడుకునే పనికే శక్తి ఖర్చుపెడుతుంది. ఆకలి, అరుగుదల, రోగనిరోధక శక్తి వెనక్కి పోతాయి. బయటికి మాత్రం పెద్దగా ఏమీ కనిపించదు, చిక్కంతా అక్కడే. కుక్క అయితే మూలుగుతుంది, పిల్లి మంచం కింద దూరుతుంది. బాల్ పైథాన్ భయపడితే తలను లోపల దాచుకుని బంతిలా చుట్టుకుని ఊరుకుంటుంది. దుకాణంలో "చూడండి ఎంత సాధువో" అని మీ చేతిలో పెట్టిన పాము చాలాసార్లు ఈ భయంలోనే ఉంటుంది. కార్న్ స్నేక్ పిల్లలది ఇంకో తీరు. తోక టపటపా ఆడిస్తాయి, కంపు ద్రవం వదులుతాయి, దారి దొరికితే పరుగెడతాయి. పైకి అల్లరిగా కనిపించినా వీటిని చదవడం తేలిక, ఎందుకంటే భయపడితే భయపడినట్టే కనిపిస్తాయి.

వారం అనే గడువు ఇక్కడినుంచే వచ్చింది. ఐదు నుంచి ఏడు రోజులు పామును దాని మానాన దాన్ని వదిలేయాలి. వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి దాగే గూళ్లు ఉండాలి. ఒకే గూడు పెడితే పాము వేడి కావాలా, దాక్కోవడం కావాలా అని ఎంచుకోవాల్సి వస్తుంది, సాధారణంగా దాక్కోవడాన్నే ఎంచుకుని తిండి అరగక బాధపడుతుంది. గూడు ఒంటికి మూడు వైపులా తగిలేంత ఇరుకుగా ఉంటేనే దానికి నిశ్చింత. గాజుపెట్టె అయితే మూడు పక్కలా కాగితం అంటించండి. రోజుకోసారి నీళ్లు మార్చడం తప్ప మూత తీయొద్దు. నారు నాటిన మర్నాడే పీకి వేరు పట్టిందో లేదో చూసే రైతు ఉండడు.

పెట్టె ఎక్కడ పెట్టారన్నదీ ముఖ్యమే. హాల్లో టీవీ పక్కన, వాషింగ్ మెషీన్ ఆనుకున్న గోడ దగ్గర వద్దు. సాంబ్రాణి, అగరొత్తుల పొగ తగిలే చోటూ వద్దు. దోమల సంగతి మనకు వేరే చెప్పక్కర్లేదు. కానీ పాము ఉన్న గదిలో కాయిల్, లిక్విడ్ మెషీన్, స్ప్రే వాడకండి. వాటిలో ఉండే పైరెత్రాయిడ్ మందులు సరీసృపాలకు పడవు. కిటికీకి మెష్ కొట్టించుకుంటే ఇద్దరికీ మేలు.

తిన్నదా అన్నది సగం ప్రశ్నే

వారం గడిచాక మొదటిసారి తిండి చూపిస్తారు. తింటే చాలామంది మర్నాడే చెయ్యి పెడతారు. అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

తిన్న తర్వాత పాము ఒంట్లో జరిగేది మామూలు పని కాదు. బర్మీస్ పైథాన్ల మీద జరిగిన పరిశోధనల్లో పెద్ద తిండి తిన్న ఒకటి రెండు రోజుల్లోనే వాటి జీవక్రియ రేటు మామూలు కన్నా ఎన్నో రెట్లు పెరిగినట్టు, పేగు లోపలి పొర మందం కట్టినట్టు, కాలేయం, మూత్రపిండాలు పెద్దవైనట్టు తేలింది. చాలా రోజులు ఖాళీగా పడుకున్న అరుగుదల యంత్రాంగం మొత్తాన్ని అది మళ్లీ కట్టుకుంటుంది. ఆ పని మధ్యలో ఎత్తి తిప్పితే, భయపెడితే, తిన్నదాన్ని కక్కేస్తుంది. కక్కడం మనకు వాంతి అయినంత తేలిక కాదు దానికి. ఆమ్లం గొంతును ఒరుస్తుంది, నీరు పోతుంది, పేగులో మేలు చేసే సూక్ష్మజీవుల లెక్క తప్పుతుంది. ఒకసారి కక్కిన పాముకు రెండు వారాలు తిండి ఆపి, ఆ తర్వాత మామూలులో సగం సైజుతో మొదలుపెట్టాలి. చిన్న పిల్ల రెండుసార్లు వరసగా కక్కితే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి.

అందుకే తిన్న 48 గంటలు ముట్టుకోవద్దన్నది ఎవరూ సడలించని నియమం. తిండి పెద్దదైతే, పొట్ట దగ్గర ఉబ్బు ఇంకా కనిపిస్తుంటే, మూడు నాలుగు రోజులు ఆగాలి.

మూడు తిళ్ల నియమం దీనిమీదే నిలబడింది. మొదటిసారి తినడం ఉత్త ఆకలి వల్ల కావచ్చు, దుకాణంలో సరిగా పెట్టి ఉండరు. రెండోసారి తిన్నదంటే మొదటిది సవ్యంగా అరిగినట్టు. మూడోది వేళకు తిన్నదంటే ఈ చోటు తనదే అన్న ధోరణిలో పడినట్టు. నా మటుకు నాకు కార్న్ స్నేక్ పిల్లకు రెండు తిళ్లు చాలనిపిస్తుంది. అది తిండి దగ్గర మొండి కాదు. బాల్ పైథాన్‌కు మాత్రం మూడూ పూర్తి కావాల్సిందే. పిల్ల పాములకు ఐదు నుంచి ఏడు రోజులకోసారి తిండి కాబట్టి, మొదటి వారంతో కలిపితే కార్న్ స్నేక్‌కు రెండు మూడు వారాలు, బాల్ పైథాన్‌కు మూడు నాలుగు వారాలు అవుతుంది. ఆ "నెల" ఊరికే పుట్టలేదు. మధ్యలో కక్కితే లెక్క మళ్లీ సున్నా నుంచే.

తిండి గురించి ఇంకో రెండు మాటలు. ఎలుక లావు పాము ఒంటిలో అన్నిటికన్నా లావైన చోటును మించకూడదు. గడ్డకట్టించిన ఎలుకను వేడినీళ్లలో పెట్టి వెచ్చబరిచి పట్టకారుతో అందించడం మంచిది. బతికున్న ఎలుకను వదిలితే అది పామునే కొరికి గాయం చేయగలదు. ఇక మన వైపు చాలామందికి వచ్చే ఆలోచన పొలం ఎలుకలు. పెన్నా డెల్టా వరిపొలాల్లో ఎలుకలకు కొదవ లేదు, వాటిని పట్టడంలో యానాదులను మించినవాళ్లు లేరు, ఉచితంగా దొరుకుతాయి కదా అని. వద్దు. ఆ ఎలుక ఏ జింక్ ఫాస్ఫైడో బ్రోమాడియోలోనో తిని ఉంటే ఆ విషం పాములోకి వెళ్తుంది. పురుగులు, పరాన్నజీవులు సరేసరి. పట్టుకున్న మనిషికి ఎలుకజ్వరం ముప్పు కూడా ఉంది.

రోహిణి కార్తెలో తెచ్చుకుంటే

బాల్ పైథాన్ పెట్టెలో వెచ్చటి వైపు 31 నుంచి 33 డిగ్రీలు, చల్లటి వైపు 25 నుంచి 27 ఉండాలి. కార్న్ స్నేక్‌కు ఇంకొంచెం తక్కువ: వెచ్చటి వైపు 29 నుంచి 31, చల్లటి వైపు 22 నుంచి 25. పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. వేడి కావాలంటే అటు, చల్లదనం కావాలంటే ఇటు జరుగుతుంది. ఈ రెండు వైపుల తేడా ఉన్నంతకాలం దానికి లోటు లేదు.

ఇప్పుడు మే నెలాఖరు నెల్లూరును ఊహించుకోండి. బయట 42, 43. డాబా కింద పై అంతస్తు గదిలో మధ్యాహ్నం 38. పెట్టెను వెచ్చబరిచే హీట్ మ్యాట్‌కు, వేడి హద్దు చేరగానే దాన్ని ఆపేసే థర్మోస్టాట్ పెట్టాం కదా అని ధీమాగా ఉంటారు. థర్మోస్టాట్ వేడిని ఆపగలదు గానీ చల్లదనం తేలేదు. మ్యాట్ ఆగిపోయినా పెట్టె మొత్తం గది వేడికి చేరుతుంది, పాముకు పోవడానికి చల్లటి వైపంటూ మిగలదు. 35 దాటి గంటల తరబడి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది.

ప్రాణం దాకా రాకపోయినా ఈ వేడి మనల్ని మోసం చేస్తుంది. వేడికి తట్టుకోలేని పాము గూట్లో ఉండలేక బయటికి వచ్చి గాజు వెంట తిరుగుతుంది, మూత దగ్గర ముక్కు రుద్దుతుంది. చూసినవాళ్లు "మనకు అలవాటైపోయింది, బయటికి రావాలని అడుగుతోంది" అనుకుని చెయ్యి పెడతారు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో దీనికి తలకిందులుగా జరుగుతుంది. గది 20కి దిగి, మ్యాట్ ప్లగ్ ఊడిపోయి ఉంటే పాము మందకొడిగా, చేతిలో ఎలా పెడితే అలా ఉంటుంది. "ఎంత బుద్ధిమంతురాలో" అంటారు. అది చల్లబడింది, అంతే. ఆ స్థితిలో తింటే అరగదు. అందుకే చల్లటి వైపు ఒకటి, వెచ్చటి వైపు ఒకటి ప్రోబ్ (తీగ చివర వేడిని కొలిచే మొన) ఉన్న డిజిటల్ థర్మామీటర్ పెట్టి, అంకెలు సరిగా ఉన్న రోజుల్లో పాము ఎలా ఉందో చూసినప్పుడే దాని అసలు స్వభావం తెలుస్తుంది. అంకెలు తప్పిన రోజుల్లో దాని ప్రవర్తనను బట్టి ఏ నిర్ణయానికీ రావద్దు.

వేసవిలో ఇప్పటికే తెచ్చేసుకున్నవాళ్లు కింది అంతస్తులో, ఎండ పడని గదిలో పెట్టె ఉంచాలి. ఏసీ ఉంటే 27 దగ్గర పెట్టి, గాలి నేరుగా పెట్టె మీద పడకుండా చూడాలి. మధ్యాహ్నం కరెంటు పోతుందన్న టెన్షన్ ఉంటే నీళ్ల సీసాలు గడ్డకట్టించి ఫ్రిజ్‌లో ఉంచుకోండి. కరెంటు పోయినప్పుడు గుడ్డ చుట్టి పెట్టెకు బయటివైపు ఆనించాలి. లోపల పెట్టకూడదు, పాము దానిమీదే పడుకుని మరీ చల్లబడే ప్రమాదం ఉంది. చెన్నై నుంచి తెచ్చేటప్పుడు తెల్లవారుజామున బయల్దేరండి. దారిలో టిఫిన్‌కు ఆగితే ఎవరో ఒకరు ఏసీ ఆన్‌లో ఉన్న కారులోనే ఉండాలి. మూసిన కారు ఎండలో నిమిషాల్లోనే పొయ్యి అవుతుంది.

ఇంకా తెచ్చుకోనివాళ్లయితే ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ ఊసే ఎత్తకండి. అక్టోబరు, నవంబరు కూడా నాకు నచ్చవు. ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు, తుపాను వస్తే రెండు మూడు రోజులు కరెంటు ఉండదు. అప్పుడు పాము చనిపోదు. 24, 25 డిగ్రీల గదిలో కొన్ని రోజులు ఖాళీ కడుపుతో క్షేమంగానే ఉంటుంది. కానీ తిండి పెట్టకూడదు, పెట్టకపోతే మన తిళ్ల లెక్క సాగదు. తేమ బాగా పెరిగి గాలి ఆడకపోతే కార్న్ స్నేక్‌కు పొట్ట పొలుసులు పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. సంక్రాంతి ముందువెనకల వారాలే మన ప్రాంతానికి సరైన కాలం. గది చల్లగా ఉంటుంది, హీట్ మ్యాట్, థర్మోస్టాట్ తమ పని తాము చేస్తాయి, వేసవి వచ్చేలోగా పాము కుదురుకుంటుంది. ఇది పిల్లలను తెచ్చుకునేవాళ్లకు చెప్పే మాట. ఎదిగిన బాల్ పైథాన్లు చలికాలంలో కొన్ని నెలలు తిండి మానేయడం మామూలే కాబట్టి వాటికి ఈ లెక్క పనిచేయదు.

మొదటి ఐదు నిమిషాలు

ఉష్ణోగ్రత సరిపోయింది, తిళ్లు అయ్యాయి, చివరి తిండి తిని రెండు రోజులు దాటింది. కళ్లు పాలపొరలా మసకబారి లేవు కదా చూడండి. మసకబారితే కుబుసం విడవబోతోంది, చూపు సరిగా ఆనదు, ఒళ్లు సున్నితంగా ఉంటుంది. కుబుసం పూర్తిగా విడిచేదాకా వదిలేయాలి.

సబ్బుతో చేతులు కడుక్కోండి. ఎలుక వాసన ఉన్న వేలు దానికి ఎలుకే. చేపల పులుసు తిన్న చేత్తో పోవడం కూడా తెలివైన పని కాదు, నెల్లూరు వాళ్లకు ఎంత కష్టమైనా. ముందు చుట్టిన పేపర్‌తోనో చిన్న పుల్లతోనో ఒంటి మధ్యభాగాన్ని మెల్లగా తాకండి. రోజూ ఇలా చేస్తే, తాకిడి తర్వాత వచ్చేది చెయ్యి, తిండి కాదు అని దానికి తెలుస్తుంది. తిండి పెట్టడానికి వేరే డబ్బాలోకి మారిస్తే పెట్టెలో కరవదన్న పాత సలహా ఒకటి ఉంది. దానివల్ల తిన్న వెంటనే పామును ఎత్తాల్సి వస్తుంది, కక్కే ముప్పు పెరుగుతుంది. ఈ పుల్ల పద్ధతే మేలు.

చెయ్యి పక్కనుంచి రావాలి. పైనుంచి వచ్చేది గద్ద అని పాముకు పుట్టుకతో తెలుసు. ఒంటి మధ్యలో కింద చెయ్యి పెట్టి ఎత్తి, రెండో చేత్తో వెనక భాగానికి ఆనిక ఇవ్వండి. తల పట్టుకోవద్దు, తోక పట్టి వేలాడదీయొద్దు. నేలమీద కూర్చుంటే జారినా దెబ్బ తగలదు. ఐదు నిమిషాలు చాలు. నాలుక నిదానంగా ఆడుతూ, వేళ్ల మధ్యనుంచి మెత్తగా జారుతుంటే అది పరిసరాలను చూసుకుంటోంది. మెడ ఎస్ ఆకారంలో మడిచి, బుస కొట్టి, ఒక్కసారిగా బిగుసుకుంటే భయం. అలాంటప్పుడు కాస్త నిలకడ వచ్చేదాకా కదలకుండా ఉండి తిరిగి పెట్టెలో వదలండి. వారానికి రెండు మూడుసార్లు, కొన్ని వారాలకు పది పదిహేను నిమిషాల దాకా పెంచుకుంటూ పోవచ్చు. పాముకు మన మీద ప్రేమ పుడుతుందని నేను చెప్పను. ఈ చెయ్యివల్ల హాని లేదన్న అలవాటు పడుతుంది. అలవాటు పడిన పాము కూడా ఆకలి రోజు, కుబుసం రోజు కొత్తదానిలానే ఉంటుంది.

కరిస్తే లాగొద్దు. పళ్లు లోపలికి వంగి ఉంటాయి, లాగితే మీ చర్మం చీలుతుంది, దాని పళ్లు విరుగుతాయి. బాల్ పైథాన్, కార్న్ స్నేక్ కాటు ఎక్కువగా గీసుకుపోయినట్టు ఉంటుంది. వదలకుండా పట్టుకుంటే నోటి దగ్గర చన్నీళ్లు పోయండి. తర్వాత సబ్బుతో కడిగి, టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో చూసుకోండి.

తిననని మొండికేస్తే

అసలు చిక్కు బాల్ పైథాన్‌తోనే. మూడు వారాలైనా ఏమీ తినలేదు, ఇప్పుడేం చేయాలి? తినేదాకా ముట్టుకోవద్దంటే నెలలు గడిచిపోతాయి. ఈలోగా పాముకు మనిషి అలవాటు కాదు, మనిషికి పామంటే జంకు పెరుగుతుంది. అందుకని తినకపోయినా పట్టుకోవడం మొదలుపెట్టొచ్చని కొందరి వాదన. ఆ వాదనలో కొంత నిజం ఉంది. జంకుతో వణికే చెయ్యి పామును ఇంకా భయపెడుతుంది. అయినా పిల్ల పాము విషయంలో నేను ఒప్పుకోను. 50 నుంచి 80 గ్రాముల పిల్లకు పోగొట్టుకోవడానికి ఒంట్లో నిల్వ తక్కువ. ముందు ఉష్ణోగ్రత, గూడు ఇరుకు, పెట్టె చుట్టూ సందడి, ఎలుక సైజు ఒక్కొక్కటిగా సరిచూడండి. ఒక్కోసారి మబ్బు వెలుతురులో, సాయంత్రం పూట పెడితే చాలు, తింటుంది. వారానికోసారి వంటింటి తూకం లాంటి చిన్న త్రాసు మీద, మూత ఉన్న డబ్బాలో పెట్టి బరువు చూసి రాసుకోండి. ఆ ఎత్తడం తప్పదు, అంతకు మించి వద్దు. మొదటి బరువులో పదో వంతు తగ్గితే ఇంకా చూద్దాంలే అనకండి. ఎదిగిన పాము, బరువు నిలకడగా ఉండి, చలికాలంలో తిండి మానితే మాత్రం వారానికోసారి కాసేపు తీసుకోవడంలో తప్పు లేదు.

సరీసృపాలను చూసే డాక్టర్లు మన జిల్లాల్లో దొరకడం కష్టం. తిరుపతిలో పశువైద్య కళాశాల, చెన్నైలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఉన్నాయి. పాములను చూస్తారో లేదో, ఏ రోజు చూస్తారో పాము కొనకముందే ఫోన్ చేసి కనుక్కోండి. నోట్లో నురగ, ఊపిరి తీస్తుంటే గురక లాంటి చప్పుడు, నోరు తెరిచి పైకి చూస్తూ ఉండటం, కళ్ల చుట్టూ నల్లచుక్కల్లాంటి పురుగులు కనిపిస్తే పట్టుకునే ఆలోచన మానేసి ఆ నంబర్‌కు ఫోన్ చేయాలి.

చుట్టాలు, పిల్లలు, నాగుల చవితి

ఇంట్లో పాము ఉందని తెలిస్తే వీధంతా వస్తుంది. మేనమామ వీడియో కాల్‌లో చూపించమంటాడు, పక్కింటి పిల్లలు ఒక్కసారి ముట్టుకుంటామంటారు. ఒప్పుకుంటే మొదటి నెలంతా వృథా అయినట్టే. ఈ నెల రోజులు ఫొటోలు చూపించి పంపేయండి. ఐదేళ్లలోపు పిల్లలు, బాగా పెద్దవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు పామును ఆ తర్వాత కూడా ముట్టుకోకపోవడమే మంచిది. సరీసృపాల ఒంటిమీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు, పామును పట్టుకున్న ప్రతిసారీ తర్వాత కూడా సబ్బుతో చేతులు కడగాలి. పెట్టె నీళ్లగిన్నెను వంటింటి సింకులో తోమకండి.

నాయనమ్మ గిన్నెలో పాలు తెచ్చి పెట్టబోతే ఆమెతో వాదనకు దిగక్కర్లేదు. చవితి నాడు పుట్ట దగ్గర పోయడం ఆమె నమ్మకం. ఈ పెట్టెలోకి మాత్రం వద్దని చెప్పండి. పాము పాలు తాగే జీవి కాదు, తాగినా అరగవు.

ఆఖరి సంగతి, మన ప్రాంతానికే ముఖ్యమైనది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగూ మన చుట్టూ తిరిగేవే. పెంపుడు పామును పట్టుకోవడం అలవాటైన చేతికి భయం తగ్గుతుంది. రాత్రి కరెంటు లేనప్పుడు నేలమీద ఏదో పాకుతూ కనిపిస్తే "మనదే తప్పించుకుంది" అనుకుని వంగి ఎత్తే ప్రమాదం నిజంగా ఉంది. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, దాని కాటు ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. అందుకే పెట్టె మూతకు గొళ్లెం ఉండాలి, పక్కనే టార్చ్ ఉండాలి. నేలమీద పాము కనిపిస్తే ముందు దూరంగా జరిగి పెట్టెలోకి లైటు వేసి చూడండి. మీ పాము పెట్టెలోనే ఉంటే బయట ఉన్నది ఏదైనా సరే ముట్టుకోకుండా, గది తలుపు మూసి, కింద సందులో గుడ్డ కుక్కి అటవీ శాఖకో పాములు పట్టేవాళ్లకో ఫోన్ చేయండి. పెట్టె ఖాళీగా ఉన్నా సరే, పూర్తి వెలుతురులో చూసి మీ పామేనని రూఢి చేసుకునేదాకా చెయ్యి పెట్టొద్దు. ఏది కరిచిందో అనుమానం ఉంటే కట్లు కట్టి, కోసి కాలయాపన చేయకుండా, కరిచిన చోటు కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి, యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి.